బోధకులకు బోధ: వైకల్యము గల విద్యార్థులును మన ఉపాధ్యాయులును



వైకల్యము గల బాలబాలికలకు చదువు చెప్పు ఉపాధ్యాయుల శిక్షణమును గుఱించి నేడు కొన్ని మాటలు మనవి చేయదలచితిని. ఈ ప్రసంగమునకే ఒక పరిమితి కలదు. కనుచూపు లేని బాలుడు దీనిని రేడియోలో వినగలడు. అచ్చైన పిమ్మట తనంతట చదువుకొనజాలడు. వినికిడి లేని బాలిక అచ్చైన పిమ్మట చదువుకొనగలదు, నేడు వినజాలదు. మాట ఒక్కటియే. అది ఒకరికొక ద్వారమునను, వేఱొకరికి వేఱొక ద్వారమునను ప్రవేశింపవలసియున్నది. ఆ ద్వారమేదో కనుగొనుట ఉపాధ్యాయుని పని. కనుగొను విధము నేర్పునదియే శిక్షణము.

విశాఖపట్టణమున గాజువాక చెంత ఆటోనగర్ అను కర్మాగారముల వాడ కలదు. 1933లో రేవు తెఱచుటతో ఈ పట్టణమునకు వర్తకము పెరిగినది. 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1వ తేదీన జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారముతో పనివారు నలుదిక్కులనుండి వచ్చి చేరిరి. రేవునకును, ఉక్కునకును లారీలు కావలెను; లారీలకు మరమ్మతు కావలెను. అందుచేత ఆటోనగర్ షెడ్లలో లేతులు తిరుగుచుండును. వెల్డింగు నిప్పురవ్వలు రాలుచుండును. సుత్తి దెబ్బలు మ్రోగుచుండును. అక్కడి మెస్త్రీల బిడ్డలు, డ్రైవర్ల బిడ్డలు, శ్రీకాకుళము నుండియు, ఒడిశా నుండియు కూలికి వచ్చినవారి బిడ్డలు చుట్టుపట్ల పాఠశాలలలో చదువుచుందురు. నేను చెప్పబోవు బాలలు వారిలోనివారే.

ఆ వాడలోని మంచి మెస్త్రీని గమనించినవారికి ఒక సంగతి తెలియును. బండి రాగానే అతడు పానా చేత పట్టడు. ముందుగా ఇంజను నడిపించి వినును. పొగ రంగు చూచును. డ్రైవరును నాలుగు ప్రశ్నలడుగును. అటుపిమ్మటనే విప్పుట మొదలిడును. ఈ ఓర్పు మన బడిలో ఎందఱికి కలదు? బాలుడు పలుకకున్న మొండివాడందుము. అక్షరములు తాఱుమాఱు చేసిన సోమరియందుము. పిలిచిన తిరిగి చూడకున్న పొగరుబోతందుము. ఈ మూడు మాటలును పరీక్షింపక చెప్పిన తీర్పులు. ఐతే పోలికను ఇంతకంటె సాగదీయరాదు. బాలుడు చెడిపోయిన బండి కాడు. మరమ్మతు కావలసినది అతనికి కాదు, మన బోధనోపాయమునకు.

చట్టము ఈ విషయమున ఏమి చెప్పుచున్నదో ముందుగా వినుడు. 1995 నాటి చట్టము ఏడు విధములైన వైకల్యములను మాత్రమే గణించెను. 2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదింపగా, 2007 అక్టోబరు 1వ తేదీన భారతదేశము దానిని ధ్రువపఱచెను. దాని ననుసరించి వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఇందులో 21 విధముల వైకల్యములు చెప్పబడినవి. పూర్వము లెక్కకు రాని పఠనవైకల్యము, ఆటిజము మొదలైనవి ఇందు చేరినవి. ఈ చట్టపు 17వ సెక్షను ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చి నియమింపవలయుననియు, బ్రెయిలు లిపియందును సంజ్ఞాభాషయందును నేర్పుగలవారిని, వైకల్యము గల ఉపాధ్యాయులను సైతము, తీసికొనవలయుననియు స్పష్టముగా పలుకుచున్నది. కనుక శిక్షణము దయాధర్మము కాదు. రాజ్యము చేసిన వాగ్దానము.

శిక్షణ మిచ్చు ఏర్పాటులును క్రొత్తవి కావు. భారత పునరావాస పరిషత్తు 1992 నాటి చట్టముచే ఏర్పడినది. ఆ పరిషత్తు పట్టికలో పేరు నమోదైనవారే ప్రత్యేకోపాధ్యాయులుగా పనిచేయవలయును. మన సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌యందు 1984లో స్థాపితమైన జాతీయ సంస్థ బుద్ధివికాసమున వెనుకబడిన బాలలకు బోధించు పద్ధతులను పరిశోధించి, బోధకులను తయారు చేయుచు వచ్చినది. సాధారణ బి.ఇడి. చదువునందును 2014 నాటి నిబంధనల పిమ్మట అందఱిని కలుపుకొనిపోవు పాఠశాలను గుఱించిన పాఠ్యాంశ మొకటి చేర్చబడినది. మన రాష్ట్రమున మండలములయందు భవిత కేంద్రములు వెలసినవి. అక్కడి ఉపాధ్యాయులు కొన్ని దినములు కేంద్రమునను, కొన్ని దినములు పాఠశాలలయందును, బడికి రాలేని బిడ్డల ఇండ్లయందును పనిచేయుచుందురు.

ఐనను చాలినంతమంది లేరు. 2021 అక్టోబరు 28వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఒక తీర్పున, సాధారణ పాఠశాలలలో ప్రాథమిక తరగతులయందు అట్టి పదిమంది పిల్లలకొకరు, పైతరగతులయందు పదునైదుగురికొకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయు లుండవలయునని నిర్దేశించెను. 2025 మార్చిలో ఆ ఉద్యోగములను ప్రకటింపుడని రాష్ట్రములను మరల ఆదేశించెను. మరుసటి నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2,260 ప్రత్యేకోపాధ్యాయుల ఉద్యోగములను మంజూరు చేసినది. ఇది సంతోషింపదగినదే.

ఐతే ఇచ్చట ఒక చిక్కు కలదు. ప్రత్యేకోపాధ్యాయుడు వచ్చునను మాట వినగానే సాధారణోపాధ్యాయుడు చేతులు కడుగుకొనుట కలదు. “ఆ బిడ్డ నా పని కాదు, వచ్చువాని పని” యని తలచును. శంఖములో పోసినగాని తీర్థము కాదని మనవారు చెప్పు సామెత ఇచ్చట చెడు ఫలితము నిచ్చును. ప్రత్యేకోపాధ్యాయుడు వారమునకు ఒకటి రెండు గంటలు బిడ్డ చెంత నుండునేమో. తక్కిన గంటలన్నియు ఆ బిడ్డ కూర్చుండునది మన తరగతిలోనే. ఆ కాలమంతయు వెనుక బెంచీలో ఊరక కూర్చుండినచో, హాజరుపట్టికయందు పేరుండును, చదువుండదు. నేడు నేను ముఖ్యముగా వాదింపదలచినది ఇదియే: ప్రత్యేకోపాధ్యాయుడు కావలెను, కాని ప్రతి ఉపాధ్యాయునికిని ఈ విద్యలో మొదటి పాఠములు రావలెను.

ఆ మొదటి పాఠములేవియో కొన్ని చెప్పెదను.

వినికిడి తక్కువైన బాలునితో ఆరంభింతము. అట్టివాడు చాలవఱకు పెదవులు చూచి మాటను పోల్చుకొనును. మన పూర్వులు వర్ణములకు స్థానములు చెప్పిరి గదా! కంఠ్యములు, తాలవ్యములు, మూర్ధన్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు. పండితుడు దీనిని వల్లించి పరీక్షలో వ్రాసి మఱచును. వినికిడి లేని బిడ్డ యెదుట నిలిచినప్పుడు దీని ప్రయోజనము తెలియును. ప, బ, మ అను మూడును ఓష్ఠ్యములే. పెదవులయందు వాని ఆకారమొక్కటియే. “పాట”, “బాట”, “మాట” అని మూడు పదములు పలికి అద్దమున చూచుకొనుడు. మూడును ఒక్కటిగానే కనబడును. క, గ, హ లనుటలో పెదవి కదలనే కదలదు. కనుక పెదవిని చూచి గ్రహించువాడు సగము చూచుచున్నాడు, సగము ఊహించుచున్నాడు. ఊహకు ఆధారము కావలెను. “మాట” అని నల్లబల్లపై వ్రాసినచో, వాక్యమంతయు చెప్పినచో, చేతితో సంజ్ఞ చేసినచో ఆ ఆధారము దొరకును. వ్యాకరణము తెలిసిన తెలుగు పండితునికి ఈ భాగము నేర్చుట సులభము. అతని చేతనున్న విద్యయే ఇది.

దీనినుండి కొన్ని నియమములు వచ్చును. నల్లబల్లవైపు మొగము త్రిప్పి మాటలాడరాదు. కిటికీని వెనుక నుంచుకొని నిలువరాదు. వెలుతురు మన మొగముపై పడవలయును. పెదవులను కప్పు మీసములను కొంచెము కత్తిరించుకొనవలయును. వెనుక బెంచీలో మఱియొక బాలుడు చెప్పిన జవాబును ఉపాధ్యాయుడు మరల చెప్పవలయును. వీనికి కానీ ఖర్చు లేదు.

వినికిడి యంత్రమును గుఱించియు ఒక అపోహ కలదు. కండ్లద్దములు పెట్టుకొనగానే చూపు కుదిరినట్లు, యంత్రము తగిలించుకొనగానే వినికిడి కుదురునని తలంతురు. యంత్రము గురువు మాటనే కాక సర్వధ్వనులను పెద్దవి చేయును. ఆటోనగర్ వంటి చోట గ్రైండరు రొద, లారీ హారను, బెంచీలు నేలపై ఈడ్చు చప్పుడు అన్నియు చెవిలో ఒక్కుమ్మడి పడును. ఆ బిడ్డను వీధివైపు కిటికీకి దూరముగా, గురువునకు దగ్గఱగా కూర్చుండబెట్టవలయును. బెంచీ కాళ్లక్రింద పాత ట్యూబు ముక్కలు కట్టినచో ఈడ్పు చప్పుడు చాల తగ్గును. ఆటోనగర్‌లో పాత ట్యూబులకు కొదువ లేదు! శస్త్రచికిత్సచే కాక్లియర్ పరికరము అమర్చుకొన్న బిడ్డలకును పిమ్మట దీర్ఘకాలము మాట నేర్పు అభ్యాసము కావలయును. ఆ అభ్యాసము ఇంటను బడిలోను సాగకున్న పరికరము ఫలము సగమైన నీయదు.

సంజ్ఞాభాషయు భాషయే. దానికి తనదైన పదసంపదయు, వాక్యరచనయు కలవు. 2015లో ఢిల్లీయందు భారతీయ సంజ్ఞాభాషకు పరిశోధన, శిక్షణ కేంద్రము ఏర్పడినది. ఆ కేంద్రము 2018లో 3,000 పదములతో వెలువరించిన నిఘంటువు 2021 నాటికి 10,000 పదములకు పెరిగినది. ఉపాధ్యాయుడు తన పాఠమునకు కావలసిన నూఱు సంజ్ఞలు నేర్చినను, బిడ్డకు తనవారొకరు దొరికినట్లగును. తోటి పిల్లలు ఉపాధ్యాయునికంటె వేగముగా నేర్తురు.

ఇక చూపు లేని బాలుని విషయము. లూయీ బ్రెయిల్ అను ఫ్రెంచి దేశీయుడు, తాను బాల్యమున చూపు కోల్పోయినవాడు, 1829లో ఆరు చుక్కల లిపిని ప్రకటించెను. ఆరు చుక్కల కలయికచే 63 గుర్తులేర్పడును. మన దేశ భాషలన్నిటికి కలిపి భారతీ బ్రెయిలు అను ఏర్పాటు 1951లో అంగీకరింపబడినది. ఇది ధ్వని ననుసరించు లిపి. తెలుగు “క” యు, హిందీ “క” యు, తమిళ “క” యు ఒక్క గుర్తుతోనే వ్రాయబడును.

తెలుగు పండితునికి ఇది యెంత ముచ్చటగా నుండునో చూడుడు. అచ్చులో “కి” అని వ్రాయునప్పుడు గుడి తలపై నెక్కును. బ్రెయిలులో “క” తర్వాత “ఇ” వరుసగా వచ్చును. పలుకు క్రమమే వ్రాత క్రమము. “స్త్రీ” అను ఒక్క అక్షరము అచ్చులో ఒకదానిపై నొకటి పేర్చిన మేడవలె నుండును. బ్రెయిలులో పొల్లు గుర్తు, స, మరల పొల్లు గుర్తు, త, ర, ఈ అని ఆరు గదులలో విడివడి పరచుకొనును. మనము వర్ణవిభాగమని తరగతిలో చెప్పుదుమే, అదియే ఇది. కన్నులున్న ఉపాధ్యాయుడు ఒక వేసవి సెలవులలో తెలుగు బ్రెయిలును కంటితో చదువుట నేర్వగలడు. వ్రాయుటకు పలకయు సూదియు చాలును. కుడినుండి ఎడమకు పొడుచుచు పోవలయును. కాగితమును త్రిప్పిన ఎడమనుండి కుడికి చదువుటకు వచ్చును. ఉపాధ్యాయుడు తన వ్రాతను దిద్దగలడని తెలిసిన బాలుడు శ్రద్ధతో వ్రాయును. ఎవరును చూడని వ్రాతను ఏ బాలుడు శ్రద్ధగా వ్రాయును?

నోటి మాటలోను శిక్షణము కావలెను. లెక్కల ఉపాధ్యాయుడు నల్లబల్ల చెంత “ఇది తీసి అక్కడ వేసి, దీనిని దానితో కలుపుము” అనును. చూచువానికి అది పాఠము. చూడనివానికి అది వట్టి గాలి. “నలువదియైదునుండి పదునెనిమిది తీసివేసితిని” అని పూర్తిగా పలికినచో, చూపున్నవారికిని స్పష్టమగును. వ్రాయునది పైకి చదువుచు వ్రాయవలయును. పటమును వర్ణింపవలయును. వస్తువును చేతికీయవలయును. బోల్టు మరలోని మెట్లు, చక్రములోని పండ్లు, రేకు మందము ఇవన్నియు వ్రేళ్లకు పాఠములే. కొంచెము చూపున్న బిడ్డలు మఱి అనేకులు. వారికి పెద్ద అక్షరములు, నల్లనివి తెల్లనిపై, ఎండ మెఱుపు పడని చోటు కావలెను. కొంచెము చూపున్నదనియే వారిని ఎవరును పట్టించుకొనకపోవుట కలదు.

బుద్ధివికాసము మందముగా నున్న బాలురకు పని నేర్పుటయందు ఒక మెలకువ కలదు. ఏ పనినైనను చిన్న మెట్లుగా విడదీయవలయును. నట్టు బిగించుట యొక్క పనియని మనము తలతుము. బోల్టు నేరుట, రంధ్రమున దూర్చుట, వాషరు వేయుట, నట్టు తగిలించుట, పానాతో బిగించుట, ఇట్లు అది ఐదు పనులు. మొదటి నాలుగు మనము చేసి, కడపటిది బిడ్డచే చేయింపవలయును. అప్పుడు ప్రతిసారియు “నేను ముగించితిని” అను సంతోషము బిడ్డకు దక్కును. అది వచ్చిన పిమ్మట కడపటి రెండు, ఆ పిమ్మట మూడు. ఇట్లు వెనుకనుండి ముందునకు పోవలయును. చొక్కా గుండీలు పెట్టుకొనుట, కంచము కడుగుకొనుట, చిల్లర లెక్కించుట అన్నియు ఈ త్రోవనే వచ్చును. మనము సాధారణముగా మొదటి మెట్టునుండి నేర్పబోయి, రెండవదానితోనే బిడ్డను అలయించి, “రాదు” అని విడిచిపెట్టుచున్నాము.

నాల్గవది, పైకి కానరాని వైకల్యము. మాట చక్కగా నుండును; తెలివి మెండుగా నుండును; చదువబోయిన అక్షరము నిలువదు. తెలుగు లిపిలో ఈ బిడ్డలకు ప్రత్యేకమైన కష్టములు కలవు. ద, ధ, థ లకు భేదము ఒక చిన్న ఒత్తు, ఒక చుక్క. ప, ష, స లును, ఘ, ఝ లును దగ్గఱ పోలికలవి. గుణింతములు అక్షరమునకు పైన, ప్రక్కన, వత్తులు క్రింద చేరును. కన్ను అన్ని దిక్కులకు పోవలసియుండును. అట్టి బిడ్డచే నూఱుసార్లు వ్రాయించిన ప్రయోజనము లేదు. ఇసుకలో వ్రేలితో దిద్దించుచు, ధ్వనిని నోట పలికించుచు, పోలిక గల అక్షరములను ఒకే దినమున నేర్పక ఎడముగా నేర్పవలయును. చదువలేకున్నను చెప్పగలిగినచో, నోటి జవాబు నంగీకరింపవలయును.

ఇందే ఒక జాగ్రత్తయు నేర్పవలయును. ఇంటిలో ఒరియా మాటలాడు బిడ్డ తెలుగు తరగతిలో మౌనముగా నున్నచో అది వైకల్యము కాదు, భాష క్రొత్త. కూలికై తల్లిదండ్రులు ఊరూరు తిరుగుచుండగా బడి మానిన బిడ్డకు అక్షరములు రాకున్న అది వైకల్యము కాదు, అవకాశము లేమి. 2022లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి “ప్రశస్త్” అను పరిశీలన పట్టికను ఫోనులో వాడుకొనుటకు వీలుగా వెలువరించినది. తరగతి ఉపాధ్యాయుడు దానిలో తన గమనికలను పూరింపవచ్చును. కాని అది అనుమానమును తెలుపునదే. నిర్ణయము వైద్యులది, నిపుణులది. తొందరపడి బిడ్డ నుదుట ముద్ర వేయరాదు. కనిపించినదానిని దాచియు ఉంచరాదు.

“ఇవన్నియు గొప్ప మాటలు. నలువదిమంది నడుమ ఒక్కరికొఱకు ఇంత చేయుటెట్లు?” అని అడుగు ఉపాధ్యాయులు కలరు. ప్రశ్న న్యాయమైనదే. ఆ బరువు మోసినవాడనే గనుక తేలికగా త్రోసిపుచ్చను. కాని లెక్కించి చూడుడు. పైన చెప్పినవానిలో పిల్లలవైపు తిరిగి మాటలాడుట, వ్రాయుచు చదువుట, జవాబును మరల చెప్పుట, పనిని మెట్లుగా విడదీయుట ఇవి నలువదిమందికిని మేలు చేయునవే. ఒక్కనికొఱకు వేసిన వాలుదారిని మెట్లెక్కలేని ముసలితల్లియు వాడుకొనును. ఒక్కనికొఱకే వేఱుగా చేయవలసినది కొంచెమే. ఆ కొంచెమునకే ప్రత్యేకోపాధ్యాయుని సాయము.

పంచతంత్ర కథారంభము మనకందఱకు తెలిసినదే. అమరశక్తి యను రాజునకు చదువబ్బని కుమారులు ముగ్గురుండిరి. శాస్త్రములు క్రమముగా చెప్పిన పండ్రెండేండ్లు వ్యాకరణమునకే పట్టునని సభలోనివారనిరి. విష్ణుశర్మ ఆఱు నెలలలో నేర్పెదనని పూని, శాస్త్రమును కథలుగా మార్చి చెప్పెను. రాజపుత్రులను మార్చలేదు, ఉపాయమును మార్చెను. మనము ఆ కథలను చెప్పుచున్నాము గాని, వానిని చెప్పిన గురువు యుక్తిని విడిచితిమి.

పరదేశమునుండి మఱియొక సాక్ష్యము. చూపును, వినికిడియు రెండును లేని హెలెన్ కెల్లర్‌కు 1887లో ఆన్ సలివన్ గురువుగా వచ్చెను. చేతిపై నీరు ధారగా పడుచుండగా, అఱచేతిలో ఆ పదమును వ్రేళ్లతో వ్రాసి చూపుటచే ప్రతి వస్తువునకును పేరుండునని ఆ బాలికకు తెలిసిన ఘట్టము జగత్ప్రసిద్ధము. అంతకు ముందు జరిగినదానిని ఎవరును తలపరు. సలివన్ తాను పర్కిన్స్ అంధ పాఠశాలలో చదివినది. ఆ పాఠశాలలోనే పూర్వము అట్టి బాలికయగు లారా బ్రిడ్జ్‌మన్‌కు చదువు చెప్పిన వృత్తాంతములను మాసముల తరబడి పఠించి, పిమ్మటనే బయలుదేఱినది. లోకము అద్భుతమనునది వెనుక శిక్షణము కలదు.

మఱి మన ఉపాధ్యాయులకు శిక్షణ మెట్లుండవలెను? ఏడాదికొకసారి హాలులో కూర్చుండబెట్టి, మూడు దినములు ఉపన్యాసములు వినిపించి, సంతకము గైకొని పంపిన చాలదు. ఈత నేర్పువాడు గట్టుపై ఉపన్యసింపడు. నా మనవి ఇది. మొదటిది, శిక్షణములో సగము కాలమైనను బిడ్డల ఎదుట గడపవలయును. భవిత కేంద్రమునకు పోయి చేతితో చేసి నేర్వవలయును. రెండవది, వైకల్యము గలవారే శిక్షకులుగా రావలయును. చూపులేని ఉపాధ్యాయుడు బ్రెయిలు నేర్పినచో వినువారికి లిపితోపాటు గౌరవమును అబ్బును. మూడవది, నేర్చినది తరగతిలో ఎట్లు నడచుచున్నదో నెలకొకసారి పాఠశాల సముదాయపు సమావేశమున ఒక బిడ్డ వృత్తాంతముగా చర్చింపవలయును. నాల్గవది, ప్రధానోపాధ్యాయునికి, ఆయాకు, మధ్యాహ్న భోజనము వండునామెకు, ఆటల మాస్టరుకు కూడ నాలుగు మాటలు తెలియవలయును. బిడ్డ బడిలో ఉపాధ్యాయునితోనే ఉండదు గదా!

పరీక్షలను గుఱించి ఒక మాట. చట్టము అదనపు కాలమును, వ్రాయుటకు సహాయకుని, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపును అనుగ్రహించుచున్నది. సహాయకుడు పరీక్షనాటి ఉదయమున దొరకినవాడు కారాదు. ఇద్దఱును ముందుగా కలిసి అభ్యసింపవలయును. ఇక మినహాయింపు బిడ్డ కోరిన ఇచ్చునది. ఉపాధ్యాయుడు తన భారము తగ్గించుకొనుటకు అంటగట్టునది కాదు. భాష నేర్చు హక్కును కోల్పోవుట లాభము కాదని భాషోపాధ్యాయునిగా నా విన్నపము.

ఆటోనగర్ తల్లిదండ్రులకు ముఖ్యముగా చెప్పవలసినది కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆఱునుండి పదునాలుగేండ్ల వఱకే ఉచిత విద్య చెప్పినది. అందుచే పదునాలుగు నిండగానే చదువు తీరినదని, బిడ్డను షెడ్డునకు పంపుదమని తలచువారు కలరు. 2016 నాటి చట్టపు 31వ సెక్షను ననుసరించి, నలువది శాతమునకు తక్కువ కాని వైకల్యమున్నట్లు ధ్రువీకరింపబడిన బిడ్డకు ఆఱునుండి పదునెనిమిదేండ్ల వఱకు దగ్గఱి పాఠశాలలోగాని, కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదువుకొను హక్కు కలదు. ఆ నాలుగేండ్లే జీవితమును త్రిప్పునవి. ఆ నాలుగేండ్లు చదివిన బిడ్డ పిమ్మట అదే వాడకు వచ్చినను, తుడుచుటకు కాక, చేతిలో పనితనముతో రాగలడు. ఈ సంగతి తండ్రికి తెలుపువాడెవడు? ఉపాధ్యాయుడే. అతనికి తెలియకున్న తండ్రికి తెలియదు. శిక్షణ మెందులకని అడుగువారికి ఇంతకంటె స్పష్టమైన జవాబు నేనెఱుగను.

కడపట పేర్లను గుఱించి. వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని పేర్లు మాఱుచు వచ్చినవి. మంచి పేరు మంచిదే. ఐతే తరగతిలో బిడ్డకు కావలసిన పేరు తల్లిదండ్రులు పెట్టినది. “ఓ కుంటీ”, “ఓ చెవిటీ” అను పిలుపు గురువు నోట వినబడినచో తక్కిన నలువదినోళ్లకును అనుమతి దొరకును. గురువు పేరుపెట్టి పిలిచి, ప్రశ్న యడిగి, జవాబునకై కొంచెము నిలిచినచో నలువదిమందియు నిలుచుట నేర్తురు. అష్టావక్రుని వంకరలను చూచి జనకుని సభ నవ్వినదని చెప్పుదురు. అతడు నోరు తెఱచిన పిమ్మట నవ్విన సభయే తలవంచినది. నోరు తెఱచువఱకు ఓర్చి వినుట సభకు నేర్పవలసినవారము మనము.

ఈ వేసవి సెలవులలో వినుచున్న ఉపాధ్యాయ సోదరులును, సోదరీమణులును ఒక్క పని చేయుడు. మీ తరగతి హాజరుపట్టిక తీసి, పేరు మాత్రమే ఉండి చదువు లేని బిడ్డ ఎవరో గుర్తింపుడు. ఆ బిడ్డకు మాట ఏ ద్వారమున చేరునో దగ్గఱి భవిత కేంద్రమున కనుగొనుడు. బడి తెఱచిన నాటికి ఆ ద్వారమొకటి మీ చేత తెఱవబడి యుండుగాక యని కోరుచు, సెలవు గైకొనుచున్నాను.